‘సీట్లు కొన్నే ఉన్నాయి మేడమ్’: వైద్య పీజీల అమ్మకంలో మన వాటా ఎక్కడ?

పీజీ కౌన్సెలింగ్ మూడో రౌండ్‌కి వచ్చేసరికి మా స్నేహితురాలి ఫోన్ మోగని గంట లేదు. ఆమె ఎంబీబీఎస్ పూర్తి చేసి, ఒక ఏరియా ఆస్పత్రిలో కాంట్రాక్టు డ్యూటీ చేస్తూనే నీట్ పీజీ రాసింది. నల్లగొండ జిల్లాలో ఒక మాదిగ కుటుంబం. అమ్మ ఆశా వర్కర్. ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి తనే. కాల్ చేసేవాళ్లు చాలా మర్యాదగా మాట్లాడతారు. “మేడమ్, రేడియాలజీ ఉంది, డెర్మటాలజీ ఉంది. సీట్లు కొన్నే ఉన్నాయి. మీ ర్యాంకుకు కన్వీనర్‌లో అవి రావు కదా. మేం చూసుకుంటాం.” నా ర్యాంకు మీకెట్ల తెలుసు అని ఆమె అడిగింది. అవతలి మనిషి తడబడలేదు. “డేటా ఉంటది మేడమ్” అన్నాడు.

మేము, అంటే ప్రజారోగ్యం మీదా ఉన్నత విద్య మీదా పరిశోధన చేస్తున్న కొద్దిమందిమి, రెండు అడ్మిషన్ సీజన్లుగా ఇలాంటి మెసేజ్‌లు, బ్రోషర్లు, ఫ్లెక్సీల ఫోటోలు పోగేస్తున్నాం. దీన్ని సర్వే అనలేం. లెక్కలు తీసేంత పద్ధతిగా చేసిన పనీ కాదు. మా జూనియర్లు, చెల్లెళ్లు, తమ్ముళ్లు పంపినవి దాచిపెట్టుకున్నాం, అంతే. అయినా వాటన్నిటినీ ఒకచోట పరిచి చూస్తే ఒక విషయం కనిపించింది. ఆరోగ్య రంగంలో పై చదువులు అమ్మేవాళ్లకు రెండు దుకాణాలున్నాయి. ఒకటి డబ్బున్నవాళ్లకు, రెండోది మనకు. మొదటి దాంట్లో సీటు అమ్ముతారు. రెండో దాంట్లో మన పిల్లల పేరు మీద వచ్చే స్కాలర్‌షిప్‌ను కొనుక్కుంటారు.

సగం సీట్ల దగ్గర ఆగిపోయే రిజర్వేషన్

మొదటి దుకాణం ఎలా పుట్టిందో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1983లోనే చట్టం చేసింది. 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆ కేసు కూడా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద వేసిందే. ప్రైవేటు వృత్తి విద్యా కాలేజీల్లో ‘ఫ్రీ సీటు’, ‘పేమెంట్ సీటు’ అనే విభజన అక్కడ మొదలైంది. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ పథకాన్ని పక్కన పెట్టింది. 2005లో ఇనాందార్ తీర్పు ఇంకో అడుగు ముందుకు వేసింది. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు కాలేజీల మీద రిజర్వేషన్లు రుద్దకూడదు అంది. అదే తీర్పు ఎన్ఆర్ఐలకు 15 శాతం దాకా సీట్లు ఇచ్చుకోవచ్చు అని కూడా అంది. అంటే వెలివాడ నుంచి వచ్చే పిల్లకు వాటా ఇమ్మంటే కాలేజీ స్వేచ్ఛ దెబ్బతింటుంది, డాలర్లలో ఫీజు కట్టేవాడికి వాటా ఇస్తే ఏమీ దెబ్బతినదు.

దానికి జవాబుగా పార్లమెంటు 93వ రాజ్యాంగ సవరణ చేసి 15(5) అధికరణం తెచ్చింది. ప్రైవేటు విద్యాసంస్థల్లో కూడా ఎస్సీ, ఎస్టీ, బీసీలకు చట్టం ద్వారా రిజర్వేషన్ కల్పించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. మైనారిటీ సంస్థలకు మాత్రం మినహాయింపు ఉంది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని కూడా చెప్పింది. అధికారం ఉంది, చట్టం లేదు. కేంద్రం 2006లో చేసిన చట్టం కేంద్ర విద్యాసంస్థల దగ్గరే ఆగింది. 2025 ఆగస్టులో పార్లమెంటు విద్యా స్థాయీసంఘం ప్రైవేటు ఉన్నత విద్యాసంస్థల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం ఇచ్చేలా చట్టం చేయమని సిఫార్సు చేసింది. ఆ వార్త ఎన్ని పత్రికల మొదటి పేజీలో చూశారో మీరే గుర్తు తెచ్చుకోండి.

తెలుగు రాష్ట్రాల్లో ప్రైవేటు మెడికల్ కాలేజీలో సగం సీట్లు కన్వీనర్ కోటా. మన రిజర్వేషన్ రోస్టర్ నడిచేది ఆ సగంలోనే. మిగతా సగం యాజమాన్యం కోటా, అందులో ఎన్ఆర్ఐ సీట్లు. అక్కడ రోస్టర్ ఉండదు. డీమ్డ్ యూనివర్సిటీల్లో అయితే ఆ సగం కూడా లేదు. అక్కడ సీట్లన్నీ కేంద్ర కౌన్సెలింగ్ కమిటీ ద్వారానే భర్తీ అవుతాయి, అయినా ఎస్సీ, ఎస్టీ, బీసీ వాటా కనపడదు. కాబట్టి ఎస్సీలకు 15 శాతం అని మనం నోటితో అంటున్నది, ప్రైవేటు కాలేజీ గేటు లోపలికి పోగానే మొత్తం సీట్లలో ఏడున్నర శాతానికి దిగిపోతుంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఎస్సీ వర్గీకరణ తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. 15 శాతాన్ని 1, 9, 5గా పంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 1, 6.5, 7.5గా పంచారు. దశాబ్దాల మాదిగ ఉద్యమం సాధించుకున్న న్యాయం అది. దాని మీద మాలో ఎవరికీ రెండో అభిప్రాయం లేదు. అయితే పీజీలో ఒక్కో స్పెషాలిటీకి ఒక్కో కాలేజీలో ఉండే సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఆ కొన్నిటిలో సగాన్ని గ్రూపులుగా పంచుకుంటూ మనలో మనం వాదించుకుంటున్న ఈ సమయంలోనే, పక్కన ఉన్న ఇంకో సగం మీద మన గొంతు వినిపించడం లేదు. ఆ సగానికి ఫోన్లు, ఫ్లెక్సీలు, లోన్ ఆఫర్లు ఉన్నాయి.

ధర ఎవరు కట్టారు?

తెలంగాణలో 2017లో జీవో 41, 43 ద్వారా ప్రైవేటు కాలేజీల పీజీ మెడికల్ ఫీజులు పెంచారు. క్లినికల్ కోర్సుల్లో యాజమాన్య కోటా ఫీజు ఏడాదికి 20 లక్షలు దాటిపోయింది. ఫీజుల నియంత్రణ కమిటీ సిఫార్సు లేకుండానే పెంచారంటూ విద్యార్థులు కోర్టుకెక్కితే, 2022లో హైకోర్టు ఆ జీవోలను కొట్టేసింది. అప్పటికి ఆ ఫీజులు కట్టిన బ్యాచ్‌లు చదువు ముగించి బయటికి వచ్చేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎంబీబీఎస్ ఫీజు కథ కూడా అలాంటిదే. 2017లో ప్రభుత్వం ట్యూషన్ ఫీజును ఏడు రెట్లు పెంచి ఏడాదికి 24 లక్షలు చేసింది. హైకోర్టు కొట్టేసింది. 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే ఖాయం చేస్తూ విద్య లాభాలు తీసే వ్యాపారం కాదని చెప్పింది. ఖర్చుల కింద 5 లక్షలు కట్టమని కూడా ఆదేశించింది. ఏడు రెట్లు పెంచిన ఫీజుకు 5 లక్షల ఖర్చులు! ఆ లెక్క మాకు ఇప్పటికీ అర్థం కాదు.

సీట్ బ్లాకింగ్ సంగతి తెలిసిందే. మంచి ర్యాంకు వచ్చిన, ఆ కాలేజీలో చేరే ఉద్దేశం ఏ మాత్రం లేని అభ్యర్థి సర్టిఫికెట్లతో సీటు పట్టిపెడతారు. చివరి తేదీ దాటాక ఆ అభ్యర్థి తప్పుకుంటాడు. ఖాళీ అయిన సీటు కాలేజీ చేతికి వస్తుంది, కోట్లకు పోతుంది. 2022లో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్ పోలీసులకు ఫిర్యాదు చేసింది. సర్టిఫికెట్లు వాడుకున్నారన్న కొందరు అభ్యర్థులు అసలు ఆ కౌన్సెలింగ్‌కి దరఖాస్తే చేయలేదని అప్పుడే బయటపడింది. 2023 జూన్‌లో ఈడీ పలు ప్రైవేటు కాలేజీల్లో సోదాలు చేసింది. మా స్నేహితురాలికి ఫోన్ చేసిన మనిషి “డేటా ఉంటది” అన్నప్పుడు మాకు మొదట గుర్తొచ్చింది ఇదే. ర్యాంకు, ఫోన్ నంబరు, కులం, సొంత జిల్లా అన్నీ ఉన్న ఒక పట్టిక ఎవరి చేతిలోనో తిరుగుతోంది. అది సీటు అమ్మడానికే కాదు, సీటు పట్టిపెట్టడానికి కూడా పనికొస్తుంది.

ఎన్ఆర్ఐ కోటా మీద సుప్రీంకోర్టు 2024 సెప్టెంబర్‌లో పంజాబ్ కేసులో గట్టిగానే మాట్లాడింది. మేనమామలు, పెదనాన్నలు, దూరపు చుట్టాలు విదేశాల్లో ఉన్నా ఎన్ఆర్ఐ కిందే లెక్క అన్న ఆ రాష్ట్ర నిబంధనను హైకోర్టు కొట్టేస్తే, దాన్నే సమర్థించింది. ఇది మోసం, డబ్బు గుంజే యంత్రం అన్న అర్థంలో వ్యాఖ్యలు చేసింది. మన జిల్లాల్లో ఎవరి మేనమామ డల్లాస్‌లో ఉంటాడు, ఎవరి మేనమామ బొంబాయి మేస్త్రీ పనికి పోయి ఉంటాడు అనేది కులం చెబుతుంది.

సున్నా పర్సంటైల్, మైనస్ 40

ఇక్కడ కాస్త నెమ్మదిగా నడుద్దాం. ఎందుకంటే మన పిల్లల మీద పడే నింద అంతా ఇక్కడే తయారవుతోంది.

1999లో ప్రీతి శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందుకు ఒక ప్రశ్న వచ్చింది. పీజీ మెడికల్ ప్రవేశ పరీక్షలో జనరల్ అభ్యర్థులకు కనీస మార్కులు 45 శాతం, ఎస్సీ ఎస్టీలకు 20 శాతం అని ఉత్తరప్రదేశ్ పెట్టింది. ఇంత తేడా ఉండకూడదని కోర్టు చెప్పింది. పీజీ స్థాయిలో ప్రమాణాలు తగ్గితే దేశ ప్రయోజనానికి నష్టం అంది. సూపర్ స్పెషాలిటీలో అసలు రిజర్వేషన్లే కూడవని కూడా అదే తీర్పు చెప్పింది. ఈ దేశంలో మెరిట్ మీద మాట్లాడే ప్రతి డాక్టరూ ఆ తీర్పు పేరు ఎత్తుతాడు.

ఇప్పుడు 2023 సెప్టెంబర్‌కి రండి. నీట్ పీజీ అర్హత పర్సంటైల్‌ను అన్ని కేటగిరీలకూ సున్నా చేశారు. జనరల్ అభ్యర్థికి కూడా సున్నా. పరీక్ష హాల్లో కూర్చుని లేచిన ప్రతి డాక్టరూ, మైనస్ మార్కులు వచ్చినా సరే, కౌన్సెలింగ్‌కి అర్హుడే. కారణం ఏం చెప్పారు? సీట్లు ఖాళీగా మిగిలిపోతున్నాయి అన్నారు. ఆ సీట్లు ఎక్కువగా ఎక్కడివి? అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ లాంటి నాన్ క్లినికల్ విభాగాలవి, ఫీజు కట్టగలిగేవాళ్లు దొరకని ప్రైవేటు కాలేజీలవి. 1999లో దళిత అభ్యర్థికి 20 శాతం మార్కులు పెడితే దేశ ప్రయోజనం దెబ్బతింది. 2023లో యాజమాన్యం సీటు ఖాళీ పడితే సున్నా కూడా దేశ ప్రయోజనమే అయింది.

2026 జనవరిలో మళ్లీ తగ్గించారు. ఈసారి జనరల్ కేటగిరీకి 50 నుంచి 7వ పర్సంటైల్‌కు, అంటే 800కి 103 మార్కులకు దించారు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు సున్నా పర్సంటైల్, అంటే మైనస్ 40. ఆ మైనస్ 40 అనే అంకె ఒక్కటే టీవీల్లో, వాట్సాప్‌లో తిరిగింది. ‘రిజర్వేషన్ డాక్టర్ దగ్గరికి పోతారా?’ అన్న బొమ్మలు మా కుటుంబ గ్రూపుల్లోకి కూడా వచ్చాయి. ఒక వాస్తవం వాటిలో ఎక్కడా లేదు. 2023లో ఆ అంకె అందరికీ వర్తించింది, అప్పుడు ‘జనరల్ డాక్టర్’ మీద బొమ్మ ఎవరూ గీయలేదు. ఇంకో వాస్తవం: అర్హత వచ్చిందంటే సీటు వచ్చిందని కాదు. రిజర్వేషన్ సీటు ఆ కేటగిరీలో ర్యాంకు ప్రకారమే పోతుంది. కన్వీనర్ కోటాలో మంచి స్పెషాలిటీ సీటుకు మన పిల్లల మధ్యే పోటీ ఎంత తీవ్రంగా ఉంటుందో కటాఫ్ జాబితాలు చూసిన ఎవరికైనా తెలుసు. కనీస అర్హత కిందికి జరిగితే అసలు లాభం, ర్యాంకు లేకపోయినా ఫీజు కట్టగలిగేవాడిది. అతడికి అర్హత కాగితం కావాలి. కాలేజీకి అతడు కావాలి. మధ్యలో మన కేటగిరీ పేరు పెట్టి తిట్లు మాత్రం మనకు వదిలేశారు.

దీన్ని మార్కెటింగ్ అని ఎందుకంటున్నామో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పోస్టరు అతికించడం, ఫోన్ చేయడం మార్కెటింగ్‌లో చిన్న భాగం. కొనేవాళ్లు చాలకపోతే కొనేవాళ్ల సంఖ్యను పెంచే నిబంధన తెప్పించుకోవడం పెద్ద భాగం. 2014లో దేశంలో 31,185గా ఉన్న పీజీ సీట్లు ఇప్పుడు 70 వేలు దాటాయి. సీట్లు పెరగడం మంచిదే. అందులో ఎన్ని ప్రభుత్వ సీట్లు, ఎన్ని రోస్టర్ కిందికి వచ్చే సీట్లు అని అడిగేదాకా ఆ అంకె మనకు పనికిరాదు.

డీఎం, ఎంసీహెచ్ సంగతి ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోతాం. నీట్ ఎస్ఎస్ కౌన్సెలింగ్‌లో ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్ లేదు. కార్డియాలజిస్ట్, న్యూరోసర్జన్, ఆంకాలజిస్ట్ అయ్యే దారి మన దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా జనరల్ దారే. ఎండీ, ఎంఎస్‌లో మన వాటా సగానికి తగ్గి, ఆ పై మెట్టు మీద సున్నా అవుతుంది. కార్పొరేట్ ఆస్పత్రి బోర్డు మీద పేర్లు చదివినప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి.

రెండో దుకాణం

మెడికల్ పీజీ చర్చ అంతా పత్రికల్లో ఉంటుంది. రెండో దుకాణం గురించి ఎవరూ రాయరు. మన పిల్లలు ఎక్కువగా ఉన్నది అక్కడే.

బీఎస్సీ నర్సింగ్ మీద ఎంఎస్సీ నర్సింగ్, బీపీటీ మీద ఎంపీటీ, బీఫార్మసీ మీద ఎంఫార్మసీ, ఆరేళ్ల ఫార్మ్‌డీ, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్, పబ్లిక్ హెల్త్. వీటికి అడ్మిషన్లు చేసేది ఏసీ ఆఫీసు కన్సల్టెన్సీ కాదు. ఇంటర్ కాలేజీ లెక్చరర్, ఊళ్లో పీఆర్వో, డిగ్రీ కాలేజీలో చదువుతున్న సీనియర్. చాలాచోట్ల అధ్యాపకులకే టార్గెట్లు ఉంటాయి. వేసవిలో వాళ్లు బండి మీద ఊళ్లు తిరుగుతారు. వాళ్లను తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. వాళ్లలో చాలామంది మనవాళ్లే. పీహెచ్‌డీ చేసి నెలకు ఇంత అని చెప్పుకోలేని జీతానికి పనిచేస్తున్నవాళ్లే. రేపు మేం కూడా అదే బండి ఎక్కవచ్చు.

మాలో ఒకరి చిన్నాయన వాకిట్లో జరిగిన సంభాషణ ఇది. “అన్నా, పాప పేరు పక్కన డాక్టర్ అని వస్తది. ఫార్మ్‌డీ అంటే డాక్టరే. నువ్వు ఒక్క రూపాయి కట్టేది లేదు, అంతా గవర్నమెంటే కడతది. సర్టిఫికెట్లు ఇస్తే చాలు.” చిన్నాయన ఎస్సీ కాలనీలో సెంట్రింగ్ పని చేస్తాడు. పేరు పక్కన డాక్టర్ అన్న మాట ఆయన మీద ఎలా పనిచేసిందో మేం చూశాం. మన ఇళ్లలో ఆ మాటకున్న బరువు అమ్మేవాడికి బాగా తెలుసు. ఫార్మ్‌డీని ఫార్మసీ కౌన్సిల్ 2008లో మొదలుపెట్టింది. ఆస్పత్రి వార్డులో డాక్టరు పక్కన నిలబడి మందుల మోతాదు, దుష్ఫలితాలు చూసే క్లినికల్ ఫార్మసిస్టును తయారు చేయడం దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఆ పోస్టులు ఆ మేరకు సృష్టించలేదు. దాంతో ఆరేళ్లు చదివినవాళ్లు హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ రాత్రి షిఫ్టుల్లో, ఫార్మకోవిజిలెన్స్ కంపెనీల్లో, సైఫాబాద్ నుంచి హైటెక్ సిటీ దాకా ఇంటర్వ్యూల్లో కనిపిస్తారు. ఈ విషయం బ్రోషర్‌లో ఉండదు. బ్రోషర్‌లో తెల్లకోటు, స్టెతస్కోపు ఉంటాయి.

“ఒక్క రూపాయి కట్టేది లేదు” అన్నది నిజమా? సగం నిజం. కన్వీనర్ కోటాలో చేరి, ఆదాయ పరిమితి లోపల ఉంటే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తాయి. యాజమాన్య కోటాలో, స్పాట్ అడ్మిషన్‌లో చేరితే కేంద్ర పథకం నిబంధనల ప్రకారం రాదు. కౌన్సెలింగ్ అయిపోయాక ‘ఇంకా సీట్లున్నాయి, రండి’ అని పిలిచేది సరిగ్గా ఆ సీట్లకే. చేరినప్పుడు ఏ కోటా అని అడగాలన్న సంగతే మన తల్లిదండ్రులకు తెలియదు. రెండో ఏడాది పరీక్ష ఫీజు కట్టబోతే తెలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో గోడ ఉంది. 2020 డిసెంబర్ 25న వచ్చిన జీవో 77. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్, హాస్టల్ ఖర్చు ఆ జీవోతో ఆగిపోయాయి. యూనివర్సిటీలు, ప్రభుత్వ కాలేజీలకే పరిమితం చేశారు. రద్దు చేస్తామన్న హామీ యువగళం పాదయాత్రలో వినిపించింది. ఈ ఒక్క జీవో వల్ల డిగ్రీతో ఆగిపోయిన దళిత, ఆదివాసీ విద్యార్థుల పేర్లు ఏ ప్రభుత్వమూ రాసి పెట్టుకోలేదు. విద్యార్థి సంఘాలు ధర్నాలు చేసి చేసి అలసిపోయాయి.

తెలంగాణలో జీవో లేదు, బకాయి ఉంది. వేల కోట్ల రీయింబర్స్‌మెంట్ బకాయిల మీద ప్రైవేటు కాలేజీలు 2025 నవంబర్‌లో బంద్‌కు దిగాయి. యాజమాన్యాల మాట ప్రభుత్వం వింటుంది, చర్చలకు పిలుస్తుంది. ఆ బకాయికి తాకట్టు పడింది మాత్రం మన పిల్లల సర్టిఫికెట్లు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ కాగితం చూపిస్తే క్లర్కు నవ్వుతాడు. “గవర్నమెంటు డబ్బులు పడ్డాక రామ్మా, లేకపోతే నువ్వు కట్టి తీసుకుపో, పడ్డాక వాపసు ఇస్తాం.” అప్పు తెచ్చి కట్టి సర్టిఫికెట్ విడిపించుకున్నవాళ్లు మాకు తెలుసు. వాపసు తీసుకున్నవాళ్లు ఇంకా తగల్లేదు.

ప్రభుత్వం మనకిచ్చే స్కాలర్‌షిప్ ఈ కాలేజీలకు పెట్టుబడి. మన పిల్ల సీట్లో కూర్చుంటే ప్రభుత్వం నుంచి ఒక బిల్లు పుడుతుంది. అందుకే ఆ సీటుకు ఇల్లిల్లూ తిరిగి మరీ పిలుస్తారు. రేడియాలజీ సీటు కోసం ఏ పీఆర్వో ఎస్సీ కాలనీకి రాడు.

బ్రోషర్‌లో లేనివి

స్టైపెండ్. ప్రైవేటు కాలేజీ పీజీకి ప్రభుత్వ కాలేజీతో సమానంగా ఇవ్వాలని 2023 పీజీ వైద్య విద్య నిబంధనలు చెబుతున్నాయి. జాతీయ వైద్య కమిషన్ అదే ఏడాది సర్వే చేస్తే ప్రైవేటు కాలేజీల నుంచి 7,901 మంది పీజీలు జవాబు ఇచ్చారు. అందులో 2,110 మంది మాకు స్టైపెండే లేదన్నారు. 1,228 మంది, ఇచ్చిన స్టైపెండ్‌ను కాలేజీ వెనక్కి తీసుకుంటోందన్నారు. బ్యాంకులో పడుతుంది, తర్వాత నగదుగా తెచ్చి ఇవ్వాలి. తండ్రికి ఆస్పత్రి ఉన్నవాడు దాన్ని ఫీజులో భాగమనుకుంటాడు. తమ్ముడి చదువు, ఇంటి అప్పు ఆ స్టైపెండ్ మీద ఆధారపడి ఉన్నవాళ్లకు అది కూలి దోపిడీ.

ఇంకొకటి, వార్డులో కులం. 2019 మేలో ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వి, ఆదివాసీ గైనకాలజీ పీజీ, సీనియర్ల వేధింపుల ఆరోపణల మధ్య ప్రాణం తీసుకుంది. 2023 ఫిబ్రవరిలో వరంగల్‌లో అనస్తీషియా పీజీ చదువుతున్న లంబాడా విద్యార్థిని చనిపోయింది. సీనియర్ మీద ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది. రెండూ ప్రభుత్వ కాలేజీలే. కోటాలో వచ్చావన్న మాట డ్యూటీ రూములో ఎలా తిరుగుతుందో మన డాక్టర్లను అడగండి. కాలేజీ ఎంచుకునే ముందు అక్కడి ఎస్సీ, ఎస్టీ సెల్ పనిచేస్తోందా, ఎన్ని ఫిర్యాదులు తీసుకుంది అని తెలుసుకునే చోటు ఏదీ లేదు. స్విమ్మింగ్ పూల్ ఉందో లేదో మాత్రం తెలుస్తుంది.

విదేశీ చదువుల దుకాణం గురించి ఇంకోసారి రాస్తాం. అమీర్‌పేట్, దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీలు బీడీఎస్, బీపీటీ, ఫార్మసీ చదివినవాళ్లకు అమెరికాలో పబ్లిక్ హెల్త్, హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ మాస్టర్స్ అమ్ముతున్నాయి. తెలంగాణ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద వచ్చే 20 లక్షలు ఆ కోర్సుల ఫీజుకు, బతుకు ఖర్చుకు చాలవు. మిగతాది అప్పే. ఆ పథకం విడుదల ఆలస్యమైనప్పుడు అక్కడ చిక్కుకున్న మన పిల్లలు ఏ పని చేసి నిలబడతారో వాళ్ల ఫోన్లు ఎత్తే మాకు కొంత తెలుసు.

మేం అడుగుతున్నది పెద్దది కాదు. కోచింగ్ సెంటర్ల తప్పుడు ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల సంరక్షణ సంస్థ 2024 నవంబర్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. ‘నూరు శాతం ఉద్యోగం’ లాంటి మాటలు కూడవని చెప్పింది. అవి కోచింగ్ దగ్గర ఆగిపోయాయి. ఆరోగ్య రంగంలో పీజీ అమ్మే ప్రతి కాలేజీ ప్రకటన మీద సీటు ఏ కోటాదో, దానికి రీయింబర్స్‌మెంట్ వస్తుందో రాదో, కమిటీ నిర్ణయించిన ఫీజు ఎంతో, గత ఏడాది పీజీలకు ఖాతాలో ఎంత స్టైపెండ్ వేశారో తెలుగులో రాసి ఉండాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య విశ్వవిద్యాలయాలు ఆదేశించవచ్చు. దానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. 15(5) కింద యాజమాన్య కోటాలో రోస్టర్ పెట్టే చట్టం రాష్ట్రాలే చేయవచ్చు. దానికీ రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, ఇరవై ఏళ్ల క్రితమే అయిపోయింది. జీవో 77 రద్దుకు ఒక సంతకం చాలు. విద్యార్థి సంఘాలు ఈ మూడింటినీ ఒకే మెమొరాండంలో పెట్టి ఈ అడ్మిషన్ల లోపే కలెక్టరేట్లకు తీసుకెళ్లాలని మా ప్రతిపాదన. ఎవరైనా ముందుకొస్తే ముసాయిదా మేం రాసిస్తాం. పోగేసిన మెసేజ్‌లు కూడా జత చేస్తాం.

మా స్నేహితురాలు చివరికి కన్వీనర్ కోటాలో ఒక ప్రభుత్వ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ తీసుకుంది. అది వింటే బ్రోకర్లు జాలిపడ్డారు. “ఎస్‌పీఎం తీసుకుని ఏం చేస్తారు మేడమ్, ప్రాక్టీస్ ఉండదు కదా” అని ఒకాయన ఆప్యాయంగానే అడిగాడట. వాళ్ల అమ్మ మోసే బీపీ మిషన్ లెక్కలు, గర్భిణుల రిజిస్టర్లు రేపు ఆమె చదివే సబ్జెక్టు. చిన్నాయన కూతురు మాత్రం ఫార్మ్‌డీ ముగించి ఏడాది దాటింది. ప్రొవిజనల్ సర్టిఫికెట్ కాలేజీ బీరువాలోనే ఉంది. మొన్న సోమవారం కూడా వెళ్లొచ్చింది. బడ్జెట్ రిలీజ్ అయ్యాక రమ్మన్నారు.